కెజియా అక్క భయం మానేసిన రోజులు

మా అక్క కెజియాకి భయపడటమే అసలు ఉద్యోగం, పరిశోధన దాని తర్వాత. ఏలూరులో మేమిద్దరం అద్దెకున్న ఇంట్లోంచి బయటపడాలంటే నాకు రోజూ పొద్దున్నే ఒక పరీక్ష. గ్యాస్ కట్టేశావా అని అడుగుతుంది. కట్టేశానంటే నమ్మదు, తనే వెళ్ళి చూసొస్తుంది. తాళం వేసి లాగి చూస్తుంది. మెట్లు దిగాక మళ్ళీ పైకెక్కి ఇంకోసారి లాగుతుంది. నేను కింద స్కూటీ మీద కూర్చుని పళ్ళు నూరుకునేదాన్ని. నేను బడిలో లెక్కలు చెప్పే టీచర్ని. గంట కొట్టేలోపు వెళ్ళకపోతే హెడ్‌మాస్టరు గారి మొహం చూడాలి. ఆ కోపమంతా దారి పొడుగునా అక్క మీద చూపించేదాన్ని.

"ఇంత పిరికిదానివి సైంటిస్టువి ఎలా అయ్యావక్కా?" అంటే వెనక కూర్చుని నా భుజం గట్టిగా పట్టుకుని, "పిరికిదాన్ని కాబట్టే అయ్యాను క్రిస్టీ. ధైర్యం ఉన్నవాళ్ళు ఒకసారి చూసి వదిలేస్తారు. నేను మళ్ళీ మళ్ళీ చూస్తాను" అనేది.

ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ఆమె చదువు వెనక ఉన్న అసలు భయం వేరు. అది మా అమ్మది.

మాది తాడేపల్లిగూడెం. నాన్న సత్యవేదం గారు మిషన్ బడిలో పనిచేసి, మా చిన్నతనంలోనే పోయారు. అమ్మ సారమ్మకి నేను పుట్టిన మరుసటి ఏడు గొంతు దగ్గర వాపు వచ్చింది. మనిషి లావెక్కింది, జుట్టు ఊడింది, గుడిలో పాట అందుకుంటే గొంతు బొంగురుపోయేది. థైరాయిడ్ అన్నారు. జీవితాంతం రోజూ పరగడుపున చిన్న తెల్ల మాత్ర వేసుకోవాలన్నారు. అమ్మ ఆ సీసాని బైబిల్ పక్కన పెట్టుకునేది. ఒకరోజు ఎవరో చుట్టాలావిడ వచ్చి ఎలా వచ్చిందీ జబ్బు అని అడిగితే, అమ్మ ఏమీ ఆలోచించకుండా, "ఏముందండీ, ఈ పిల్లల్ని కన్నాకే వచ్చింది" అంది. నేను చంటిదాన్ని, నాకేం తెలుస్తుంది. గడప దగ్గర కూర్చుని అంట్లు తోముతున్న అక్క మాత్రం ఆ మాట విని మనసులో పెట్టేసుకుంది. అమ్మని మేమే పాడుచేశామనుకుంది. ఎంతమంది చెప్పినా, ఎంత చదివినా ఆ మాట దాని మనసులోంచి పోలేదు.

తాడేపల్లిగూడెంలో డిగ్రీ, విశాఖపట్నంలో ఎమ్మెస్సీ, అక్కడే పీహెచ్‌డీ. ఏం చదివినా చివరికి థైరాయిడ్ దగ్గరికే వచ్చి ఆగేది. అమ్మకొచ్చిన జబ్బులో, రోగాలతో పోట్లాడాల్సిన ఒంట్లోని శక్తే దారితప్పి సొంత గ్రంథి మీద పడి దాన్ని నమిలేస్తుందట. ఆ గ్రంథిని మాత్రతో నెట్టుకురావడమే తప్ప మళ్ళీ బాగుచేసే దారి లేదు. పాడైన అవయవాన్ని కొత్త కణాలతో తిరిగి మొలిపించాలని ప్రపంచమంతా పరిశోధనలు జరుగుతున్న రోజులవి. అక్క కూడా అందులో ఒక మూల పట్టుకుంది.

ఆ మూల ఏమిటో ఒకసారి భోజనం దగ్గర నాకు చెప్పింది. కడుపులో ఉన్న బిడ్డ కణాలు కొన్ని తల్లి రక్తంలోకి జారిపోతాయట. బిడ్డ పుట్టి పెద్దయ్యాక కూడా అవి తల్లి ఒంట్లో ఏళ్ళ తరబడి బతికే ఉంటాయట. తల్లి థైరాయిడ్‌లో కూడా అవి కనిపించాయట. ఆ కణాలే తల్లి గ్రంథి మీద గొడవ లేవదీస్తున్నాయని కొందరు, కాదు, పాడైన చోట చేరి బాగుచేస్తున్నాయని కొందరు వాదించుకుంటున్నారట.

"అంటే అమ్మ గొంతులో మనిద్దరం ఉన్నామా?" అన్నాను.

"ఉండే ఉంటాం. అక్కడ ఏం చేస్తున్నామో తెలుసుకోవాలి" అంది. కంచంలో చెయ్యి అలాగే ఉండిపోయింది. నాకు నవ్వొచ్చింది గానీ దాని మొహం చూసి నవ్వలేదు.

ఏలూరులో ఒక ఆసుపత్రికి ఆనుకుని ఉన్న చిన్న పరిశోధన విభాగంలో అక్కకి ఉద్యోగం దొరికింది. విశాఖలో ఉన్న ప్రొఫెసరు గారు పైనుంచి చూసేవారు. కొల్లేటి లంక గ్రామాల్లో గర్భిణులకి థైరాయిడ్ పరీక్షలు చేసి, జబ్బున్న వాళ్ళని కాన్పు దాకా, ఆ తర్వాత కూడా గమనించడం అక్క పని. బిడ్డని మోస్తున్న తల్లుల్లో ఒక్కరికైనా గ్రంథి దానంతటదే కోలుకుంటోందా? ఒక్క మనిషి కనిపిస్తే చాలని రెండేళ్ళు తిరిగింది. బండి నడపడం భయం కాబట్టి ఆదివారం ప్రార్థన అయ్యాక సారథిని నేనే.

దేవిని మొదటిసారి చూసింది 2006లో, చలి తగ్గుతున్న రోజుల్లో. చేపల చెరువుల మీద బతికే లంక ఊరు. బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాం. ఇరవై ఏళ్ళుంటాయేమో, కొత్తగా కడుపుతో ఉంది. మొగుడు సూర్రావు చొక్కా అంచు పట్టుకుని, సూది చూసి కళ్ళు మూసుకుని కిలకిలా నవ్వేసింది. అత్తగారు లక్ష్మీకాంతం మాత్రం పక్కనే నిలబడి సణుగుతూనే ఉంది.

"కడుపుతో ఉన్న పిల్లండీ. చుక్క నెత్తురు పోతే బిడ్డకి తక్కువవదాండీ?"

"ఏమీ అవదండీ, ఇంత ఒంట్లో రెండు చెంచాలే" అని అక్క నచ్చజెప్పింది. అలా చెబుతున్నప్పుడు కూడా మనిషి మొహం చూడలేదు. అక్క ఎప్పుడూ అంతే. మొహమాటం కొద్దీ ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడదు, చేతి నరం వంకే చూస్తుంది.

దేవి పరీక్ష చూసి ఆసుపత్రి డాక్టరు గారు కంగారుపడ్డారు. అమ్మ జబ్బే. గ్రంథి దాదాపు పనిచేయడం మానేసింది. వెంటనే మాత్రలు మొదలుపెట్టించారు. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి థైరాయిడే ఆధారమని, మాత్ర ఒక్కరోజు కూడా మానకూడదని సూర్రావుకి అక్క మరీ మరీ చెప్పింది. అతను తలూపాడు. "నేనే దగ్గరుండి మింగిస్తానండి" అన్నాడు.

రెండోసారి రక్తం తీయాల్సింది ఏప్రిల్‌లో. అప్పటికి కొల్లేరంతా అతలాకుతలంగా ఉంది. సరస్సుని ఆక్రమించి వేసిన చేపల చెరువులని ప్రభుత్వం వాటి గట్లు యంత్రాలతో తెగ్గొట్టిస్తోంది. ఎవరికి పని ఉంటుందో, ఎవరు ఊళ్ళో ఉంటారో తెలియదు. నాకు పరీక్షల డ్యూటీ పడి నేను వెళ్ళలేదు, అక్క ఆసుపత్రి జీపులో వెళ్ళింది. దేవికి అప్పుడు నాలుగో నెల, కడుపు ఇంకా పైకి తెలియని రోజులు. వరండాలో పేర్లు పిలిచింది. దేవి అనగానే కొంగు తలమీదకి లాక్కుని ఒకామె వచ్చి కూర్చుంది, చెయ్యి చాపింది. మాత్రలు వేసుకుంటున్నారా అని అక్క అడిగితే, "లేదండి, నేనేం మాత్రలు వేసుకోనండి" అంది.  అక్క చీవాట్లు పెట్టి, ఎందుకైనా మంచిదని జాగ్రత్తలన్నీ మళ్ళీ చెప్పి వచ్చింది.

కానీ ఆ రక్తం పరీక్షిస్తే ఏ దోషమూ లేదు. థైరాయిడ్ నిక్షేపంగా ఉంది. గ్రంథి మీద పడి నమిలే యాంటీబాడీల జాడే లేదు.

మాత్ర వేసుకోలేదు, అయినా జబ్బు పోయింది. రెండేళ్ళుగా వెతుకుతున్న ఒక్క మనిషి దొరికింది. ఇంత త్వరగా ఎలా తగ్గిందని అడగాల్సింది అక్కే. తాళం మూడుసార్లు లాగి చూసే మనిషి, ఇక్కడ ఒకసారి కూడా లాగి చూడలేదు. అక్క ఇచ్చిన కాగితం చూసి, మాత్ర అక్కర్లేదని డాక్టరు గారు రాశారు. ఆ కబురు లంక ఊరికి వెళ్ళింది.

ఆ తర్వాత రెండు నెలలూ మా ఇంట్లో పండగ. అక్క గ్యాస్ సంగతి అడగడం మానేసింది. ఒకరోజు తాళం వేసే పని కూడా నాకే వదిలేసి, కూనిరాగం తీస్తూ మెట్లు దిగిపోయింది. నేను నిజంగా సంతోషించాను, ఇన్నేళ్ళకి దానికి కాస్త ఊపిరి ఆడుతోందని. హైదరాబాదులో శాస్త్రవేత్తల సభలో ఈ సంగతి చెప్పడానికి పేరు ఇచ్చింది. తాడేపల్లిగూడెం వెళ్ళినప్పుడు అమ్మ పక్కన కూర్చుని, ఎప్పుడూ లేనిది, అమ్మ మెడ మీద చెయ్యి వేసి నిమిరింది.

"అమ్మా, మేము నిన్ను పాడుచేయలేదేమోనే. లోపల కూర్చుని బాగుచేస్తున్నామేమో."

"పిచ్చి మొహమా, మీరు నన్ను పాడుచేశారని ఎవరన్నారు?"

"నువ్వే అన్నావు. నా చిన్నప్పుడు."

అమ్మ అక్క వంక తెల్లబోయి చూసింది. ఆ మాట అన్నట్టు కూడా ఆమెకి గుర్తులేదు. అక్క ఒక్కసారిగా ఏడ్చేసింది, ఏడుస్తూనే నవ్వింది. అమ్మ దాని తల ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు నిమురుతూ కూర్చుంది.

జూన్‌లో బళ్ళు తెరిచారు. ఒకరోజు పదో తరగతిలో పాఠం చెబుతుంటే ఆఫీసు గదిలో నాకు ఫోనొచ్చిందన్నారు. అక్క.

"క్రిస్టీ, మనిషి రక్తం గ్రూపు మారదు కదా?"

"లెక్కల టీచర్ని నన్నడుగుతావేంటే? నువ్వు కదా డాక్టరేటువి."

"మారదు. నాకు తెలుసు. ఎవరో ఒకరు మారదని చెబితే వినాలనిపించింది."  ప్రొఫెసరు గారు పొద్దున ఫోన్లో, సభలో ఎవరైనా అడుగుతారమ్మా, రెండు నమూనాలూ ఆ అమ్మాయివేనని ఎందుకైనా మంచిది ఒకసారి గ్రూపు పరీక్ష చేసి పెట్టుకో అన్నారట. ఊరికే, మాటవరసకి అన్నారు. చేసి చూస్తే మొదటి రక్తం బి, రెండోది ఓ. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

"సీసాలు తారుమారయ్యాయేమో" అన్నాను.

"ఎలా అయినా ఒక్కటే కదే. ఆ రక్తం దేవిది కాదు. దేవికి జబ్బు తగ్గలేదు. మాత్ర ఆపించింది నేను."

నేను సెలవు చీటీ కూడా రాయకుండా బయటికి వచ్చేశాను. హెడ్‌మాస్టరు గారు ఏదో అంటుంటే వినిపించుకోలేదు.

దారి పొడుగునా అక్క నన్ను గట్టిగా పట్టుకుని కూర్చుంది. నా భుజం మీద దాని వేళ్ళు గుచ్చుకుంటున్నాయి. రోడ్డుకి రెండు పక్కలా తెగిపోయిన గట్లు, ఎక్కడ చెరువో ఎక్కడ కొల్లేరో తెలియకుండా పరుచుకున్న బురద నీళ్ళు. లంక ఊళ్ళో సగం ఇళ్ళకి తాళాలున్నాయి. లక్ష్మీకాంతం ఇంటి ముందు ఒకామె వల బాగుచేసుకుంటూ కూర్చుంది. మమ్మల్ని చూసి లేచి నవ్వింది. ఆమె దేవి తోటికోడలు, పెద్దకొడుకు భార్య అమ్మాజీ. పక్కన ఆమె కొడుకు సతీష్, తప్పటడుగులు దాటిన పిల్లాడు, వల పీకుతున్నాడు.

అక్క ఆమె మొహం వంక చూసింది. తర్వాత చేతి వంక చూసింది. మోచేతి మడత దగ్గర నరం పక్కనున్న పుట్టుమచ్చని గుర్తుపట్టింది.

"ఆ రోజు బడి దగ్గర దేవి అని పిలిస్తే వచ్చింది మీరేనాండీ?"

"ఆయ్, నేనేనండి." దాపరికం ఏమీ లేదు ఆ గొంతులో.

"మీ పేరు అమ్మాజీ కదండీ?"

"అవునండి. దేవి వంతుకి నేనొచ్చానండి."

ఆమె చెప్పుకొచ్చింది. రొయ్యల షెడ్డులో పని మనిషికి కాదు, ఇంటికి ఇస్తారట. వీళ్ళింటి వంతు దేవి పేరుమీద ఉంది. దేవికి ఒంట్లో బాగాలేకపోతే అమ్మాజీ వెళుతుంది, మేస్త్రీ దేవి అని పిలిస్తే పలుకుతుంది, రొయ్యల తలలు తీసి వస్తుంది. మేస్త్రీకి చేతులు కావాలి గానీ మొహం ఎందుకు? ఎన్నో ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఆడవాళ్ళంతా అలాగే ఒకరికొకరు పలుకుతున్నారు. నెత్తురు ఇవ్వడం కూడా ఇంటికొచ్చిన వంతే అనుకున్నారు.

"నేనే పంపానండి" అంది లోపల్నుంచి వచ్చిన లక్ష్మీకాంతం. "కడుపుతో ఉన్న పిల్లకి మాటిమాటికీ నెత్తురు తీయించడం నా ప్రాణం ఒప్పలేదండి. అమ్మాజీ గట్టి మనిషి, దానికేం కాదని పంపాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకు బుద్ధుందాండీ అసలు? పరీక్ష అంటే రొయ్యల షెడ్డు అనుకున్నారా?" అని గట్టిగా అరిచేశాను. అక్క నా చెయ్యి పట్టుకుని లాగింది.

"వాళ్ళనేమీ అనకు. నేను మొహం చూసి ఉంటే సరిపోయేది." తర్వాత అమ్మాజీ వైపు తిరిగి, అడగడానికే భయపడుతున్నట్టు అడిగింది. "దేవి మాత్రలు వేసుకుంటోందాండీ?"

"మీరు వద్దన్నారు కదండీ. కాగితం వచ్చిన రోజే ఆపేసిందండి. మాకు మీ మాట దేవుడి మాటండి."

అక్క అక్కడే గుమ్మంలో కూర్చుని వాళ్ళని దగ్గరికి రమ్మంది. అప్పుడు విషయం మొత్తం విడమరిచి చెప్పింది, దేనికి మాత్రో, ఎవరి మెదడు కోసమో. వినేకొద్దీ అమ్మాజీ మొహంలో రక్తం లేకుండా పోయింది. లక్ష్మీకాంతం నోట్లో కొంగు కుక్కుకుంది. దేవీ సూర్రావూ ఊళ్ళో లేరట. చెరువులు పోయాక పని లేక, జంగారెడ్డిగూడెం పక్కన ఎవరిదో పామాయిల్ తోటలో గెలలు కోసే పనికి వెళ్ళారట. ఫోను లేదు. తోట ఎక్కడో అమ్మాజీకి తెలుసు.

"నేనూ వస్తానండి" అంది ఆమె, అప్పటికే పిల్లాడిని అత్తగారి చేతిలో పెట్టేసి. "నేను లేకపోతే మీరు దాన్ని ఎలా గుర్తుపడతారండీ?"

దెప్పి పొడవడానికి అన్న మాట కాదది, సాయం చేయడానికి అన్నది. అక్క మొహం మాత్రం చెంపదెబ్బ తిన్నట్టయింది.

ఏలూరులో జంగారెడ్డిగూడెం బస్సెక్కాం. అంత పొడుగు ప్రయాణం నేనెప్పుడూ చేయలేదు. దూరం ఎక్కువని కాదు, బస్సు ఎక్కడ ఆగినా అక్క సీట్లోంచి సగం లేచేది. రక్తం తీసే సామాను ఉన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని, పెదాలు కదుపుతూ ప్రార్థన చేస్తోంది. మధ్యలో ఆగి అమ్మాజీని అడుగుతోంది. దేవికి మలబద్ధకం ఉందన్నదా? నిద్ర ఎక్కువ పోయేదా? బిడ్డ కదులుతోందని చెప్పిందా? అమ్మాజీ ప్రతిదానికీ ముందు తల ఊపి, తర్వాత తెలియదండి అనేది. చివరికి తట్టుకోలేక, "మేడం గారండీ, నా నెత్తురు ఇచ్చినందుకు ఆ బిడ్డకి ఏదైనా అయితే నేను బతకనండి" అంది.  అక్క ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని దిగేదాకా పట్టుకుని కూర్చుంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. నాకూ భయం వేసింది.

తోటలో రేకుల షెడ్డు ముందు, నెత్తి మాడిపోయే ఎండలో, ఒక మనిషి దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. అమ్మాజీ "దేవీ" అని అరుస్తూ పరుగెత్తకపోతే నేను పోల్చుకునేదాన్ని కాదు. మొహం ఉబ్బిపోయింది. కనురెప్పలు వాలిపోతున్నాయి. కిలకిలా నవ్విన పిల్ల మమ్మల్ని చూసి మెల్లగా, ఎక్కడో దూరంనుంచి వస్తున్నట్టు నవ్వింది. పలికితే గొంతు అచ్చం మా అమ్మ గొంతులా బొంగురుగా ఉంది.

"చలేస్తోందండి. కడుపుతో ఉంటే ఇంతేనేమో అనుకున్నానండి."

అక్క ఆమె ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూసింది. అక్క ఒక మనిషి మొహాన్ని అంతసేపు చూడడం నేను అదే మొదటిసారి చూశాను.

"నీ పేరేంటమ్మా?"

"దేవండి. మీకు తెలుసు కదండీ."

"నువ్వు చెప్పాలి. బిడ్డ కదులుతోందా?"

"కదులుతోందండి. కానీ నాలాగే మెల్లగానండి."

గెలల ట్రాక్టరు దగ్గర్నుంచి సూర్రావు పరుగున వచ్చాడు. అక్క ఏదీ దాచలేదు. తారుమారైన రక్తం గురించి, తను మొహం చూడకపోవడం గురించి, తనే మాత్ర ఆపించడం గురించి చెప్పింది. "తప్పు నాదండి" అంది. అతను కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది. అతను తలపాగా విప్పి చేతిలో పట్టుకుని ఒక్కటే అడిగాడు.

"బిడ్డ మెదడుకి ఏమైనా అవుద్దాండీ?"

"తెలియదండి. ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. బిడ్డ పుట్టాలి. నడవాలి, మాట్లాడాలి. అప్పటిదాకా నేను మిమ్మల్ని వదిలిపెట్టను."

ఆ సాయంత్రమే దేవిని ఏలూరు తెచ్చి ఆసుపత్రిలో చేర్చాం. రక్తం అక్కే తీసింది, గ్రూపు అక్కే చూసింది. బి. థైరాయిడ్ మొదటిసారి కన్నా అధ్వాన్నంగా ఉంది. డాక్టరు గారు పెద్ద మోతాదులో మళ్ళీ మాత్రలు మొదలుపెట్టారు. అమ్మాజీ ఊరికి వెళ్ళనంది. పొద్దున్నే దేవిని లేపి, నోట్లో మాత్ర వేసి, నీళ్ళు తాగించి, "ఏదీ, నోరు తెరు. నాలిక కింద చూపించు" అని వార్డంతా వినపడేలా అరిచేది. కాన్పు దాకా ఆ మాత్ర వంతు ఇంకెవరికీ ఇవ్వలేదు.

అక్క ప్రొఫెసరు గారికి ఫోన్ చేసి సభనుంచి పేరు వెనక్కి తీసుకుంది. ఆయన చాలా మాటలన్నారు. రెండేళ్ళుగా తీసిన రక్తాల్లో ఎన్ని ఎవరివో, అన్నీ మళ్ళీ తేల్చుకోవాలన్నారు. అక్క సరేనంది. ఆ పని ఏడాది పట్టింది. పేరు రావాల్సిన ఏడాది అలా పోయింది. ఇప్పటికీ ఆమె మామూలు పరిశోధకురాలే. ఎవరి రక్తం తీసినా ముందు మొహం చూస్తుంది, పేరు వాళ్ళ నోటితోనే చెప్పించుకుంటుంది, గ్రూపు చూసుకుంటుంది. తోటివాళ్ళు నవ్వుతారు. అమ్మ గొంతులో మేము ఏం చేస్తున్నామన్నది దానికి ఇంకా తేలలేదు.

వర్షాలు వెనకపట్టిన రోజుల్లో దేవికి ఆడపిల్ల పుట్టింది. బొడ్డుతాడులోని రక్తం పరీక్షిస్తే బిడ్డ థైరాయిడ్ బాగానే ఉంది. డాక్టరు గారు అభినందించారు. సూర్రావు మిఠాయి పంచాడు. నాయనమ్మ పిల్లకి తన తల్లి పేరు, కనకరత్నం, పెట్టుకుంది. అందరికీ గండం గడిచింది, అక్కకి తప్ప. తల్లి ఒంట్లో మాత్ర లేని ఆ వారాలు బిడ్డ తలలో ఏం చేశాయో ఏ పరీక్షా చెప్పదు. ఎదిగేకొద్దీ చూసుకోవాల్సిందే.

చూసుకుంది. నెలకోసారి నన్ను లంక ఊరికి లాక్కెళ్ళేది. పిల్ల వెనక నిలబడి చప్పట్లు కొట్టి తిరుగుతుందా లేదా అని చూసేది. గిలక్కాయ కొంగులో దాచి వెతుకుతుందేమో చూసేది. రత్నం అందరి పిల్లలకన్నా ఆలస్యంగా కూర్చుంది. ఆలస్యంగా నడిచింది. రెండో పుట్టినరోజు దాటినా మాటలు పెద్దగా రాలేదు. "మా సూర్రావూ ఇంతేనండి, ఆలస్యంగానే మాట్లాడాడు" అని లక్ష్మీకాంతం చెప్పేది, ఆ మాట నమ్మమని మా మొహాల వంక బతిమాలుతున్నట్టు చూస్తూ. తిరిగొచ్చేటప్పుడు స్కూటీ వెనక అక్క ఏడుస్తోందని నా వీపుకి తెలిసేది. నేను అద్దంలో చూసేదాన్ని కాదు. 

మూడో ఏడు వచ్చాక ఇంట్లో మాటలు వస్తున్నాయని దేవి చెప్పేది గానీ, మా ముందు పిల్ల నోరు విప్పేది కాదు. 2009 చివర్లో ఒకరోజు వెళ్ళేసరికి పిల్లలంతా అంగన్‌వాడీలో ఉన్నారు. అమ్మాజీ కొడుకు సతీష్‌కి బడికి సెలవేమో, వాడూ వచ్చి గుడ్డు కోసం వరసలో కూర్చున్నాడు. రత్నం మూల కూర్చుని, మాకు వీపు తిప్పి, ఇసుకలో ఏదో తవ్వుకుంటోంది. పిల్లల్ని తూకం వేస్తున్న టీచరమ్మ, మీరే పిలవండి మేడం అంది. అక్క గొంతు సవరించుకుంది.

"కనకరత్నం."

పిల్ల తిరగలేదు. అక్క చెయ్యి నా చేతిని వెతుక్కుంది.  ఇంకోసారి పిలిచింది. "కనకరత్నం."

"హాజరండీ!" అన్నాడు సతీష్ వరసలోంచి. వాళ్ళింటి అలవాటు. చెల్లెలు పలకలేదని చెల్లెలి బదులు తను పలికాడు.

అక్క మొహం పాలిపోయింది. అంతలో ఆ మూలనుంచి రత్నం దిగ్గున లేచింది. చేతుల్లో ఉన్న ఇసుక అక్కడే పారబోసి, గునగునా పరుగెత్తుకొచ్చి, సతీష్ జుట్టు పట్టుకుని లాగింది.

"నువ్వు కాదురా! నేను! రత్నం నేనూ!"

వాడు ఏడుపు లంకించుకున్నాడు. టీచరమ్మ విడదీయబోయింది. అక్క ఆమెని ఆపింది. ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూసింది. అక్క కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఎవరమ్మా నువ్వు?"

"రత్నాన్నండి."

"ఇంకోసారి చెప్పమ్మా."

"రత్నాన్నండి! ఆడు కాదండి."

"ఇంకొక్కసారి."

పిల్లకి విసుగొచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని, నా వైపు తిరిగి, "ఈవిడికి ఎన్నిసార్లు చెప్పాలండీ?" అంది.